అమెరికాలో మోటారు సైకిలు ముచ్చట

ఊళ్ళో బుల్లెట్ నడిపిన చెయ్యి ఇక్కడా ఊరుకోదు కదా! అయితే కారు లైసెన్సు చాలదు, మోటారు సైకిలుకు విడిగా అనుమతి తీసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో శిక్షణ పూర్తిచేస్తే రోడ్డు పరీక్ష తప్పుతుంది.

బండి కొన్నాక సైలెన్సర్ మార్చాలనిపిస్తుంది. 1986 నుంచి తయారైన వీధి బళ్ళ శబ్దానికి కేంద్ర పరిమితి 80 డెసిబెల్స్. పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్ పీకెయ్యడం చట్టవిరుద్ధం. ఏ మార్పు చేసినా బీమా కంపెనీకి చెప్పండి. లేకపోతే ప్రమాదం జరిగాక పరిహారం దగ్గర పేచీ రావచ్చు.

కాలిఫోర్నియాలో 1992 నుంచి హెల్మెట్ అందరికీ తప్పనిసరి. ఇల్లినాయ్‌లో ఆ చట్టమే లేదు. చట్టం ఉన్నా లేకపోయినా తల ఒక్కటే! ఇండియా నుంచి తెచ్చిన ఐ.ఎస్.ఐ. ముద్ర ఇక్కడ చాలదు, 'డాట్' ముద్ర చూసి కొనండి.