సాయమునకు హద్దు

విద్యాదానము అన్ని దానములలోను గొప్పదని పెద్దలు చెప్పుదురు. కాని దాత ఇచ్చునది నిజముగా విద్యయేనా, లేక విద్యకు బదులుగా వేరొకటియా అని విచారింపవలసియున్నది.

నేడు కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయు విద్యను అనేకులు అభ్యసించుచున్నారు. ఇంటికడ చేయుటకు ఉపాధ్యాయుడిచ్చిన లెక్క తెగనపుడు, వారు ఇంటర్నెట్టు ద్వారా ముఖపరిచయము లేని నిపుణులను అడుగుదురు. ఆ నిపుణులలో పలువురు ప్రతిఫలము కోరనివారు. కొందరు దయతలచి ప్రోగ్రామునంతయు వ్రాసి పంపుదురు. మరికొందరు ఇంటిపనికి సాయము చేయరాదని త్రోసిపుచ్చుదురు. ఇంట చెప్పువారు లేని విద్యార్థికి ఆ తిరస్కారము విద్యపైననే విరక్తి కలిగింపవచ్చును. కావున ఈ రెండు మార్గములును మేలైనవి కావు.

ఒక ఉదాహరణము చూడుడు. ఒకటి మొదలు పది వరకు గల సంఖ్యలను కూడుటకు ఒక బాలిక పైథాన్ భాషలో ప్రోగ్రాము వ్రాసినదనుకొందము. 55 రావలసిన చోట 45 వచ్చినది. ఆ భాషలో 'రేంజ్' అను ఆజ్ఞకు 1, 10 అను హద్దులనిచ్చినచో, అది 9తోనే ఆగును. చివరి హద్దును చేర్చుకొనదు. ఈ సంగతి ఎరిగినవారు 10ని 11గా దిద్ది పంపినచో ఆమెకు మార్కులు వచ్చును. కాని మరునాడు వేరొక లెక్కలో అదే తప్పు మరల చేయును. అట్లుగాక, "పదికి బదులు మూడు పెట్టి చూడుము. నీవు చేతితో కూడిన మొత్తమెంత? యంత్రము చెప్పినదెంత?" అని అడిగినచో, ఆరు రావలసిన చోట మూడు వచ్చుట ఆమె చూచును. విడిచిపోయినది చివరి సంఖ్యయే యని తానే గ్రహించును. స్వయముగా కనుగొన్న తప్పును సులభముగా మరువదు.

హంగరీ దేశమున జన్మించిన గణితశాస్త్రజ్ఞుడు జార్జి పోల్యా 1945లో ప్రకటించిన గ్రంథమున లెక్కల ఉపాధ్యాయులకు ఇట్టి హితమునే చెప్పెను. సాయము మితిమీరినచో విద్యార్థి చేయవలసినదేమియు మిగులదు. బొత్తిగా లేనిచో అతడు ముందుకు సాగజాలడు.

2022వ సంవత్సరము చివర చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట, యంత్రమే ప్రోగ్రామును వ్రాసి ఇచ్చుట సామాన్యమైనది. అందుచేత 2023లో హార్వర్డు విశ్వవిద్యాలయపు సీఎస్50 తరగతివారు, జవాబును చేతికందింపక దారి చూపునట్టి సహాయక యంత్రమును తమ విద్యార్థులకు ఏర్పరచిరి. మనుష్యునకైనను యంత్రమునకైనను ధర్మమొక్కటియే.

అడుగువాడు తాను చేసిన ప్రయత్నమును చూపవలెను; అది ఇంటిపని యని దాచరాదు; పరుల వ్రాతను తనదని చెప్పుకొనరాదు. చెప్పువాడు ముందుగా తప్పున్న తావును చూపి, దిద్దుబాటును విద్యార్థికే విడువవలెను. తరువాతి లెక్కను అతడు ఒంటరిగా చేయగలిగెనా? సాయమునకు అదియే గీటురాయి.