సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

ఫోన్ పైన సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. కాల్స్ కూడా వెళ్తుంటాయి. వాట్సాప్ మెసేజి మాత్రం కదలదు. కొత్త సిమ్ వేసుకున్నవాళ్లకూ, విదేశం నుంచి తెచ్చిన ఫోన్లో మన సిమ్ పెట్టినవాళ్లకూ ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది. టవర్ నుంచి రేడియో తరంగాలు బలంగా అందుతున్నాయని మాత్రమే ఆ గీతలు చెబుతాయి. ఇంటర్నెట్ దాకా చేరడానికి ఇంకా చాలా జరగాలి.

ముందు సిమ్ తానెవరో నిరూపించుకోవాలి. అందులో గరిష్ఠంగా 15 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అది మన ఫోన్ నంబరు కాదు. మన దేశంలో 404తోనో 405తోనో మొదలవుతుంది. దాని పక్కనే ఒక రహస్య కీ, సాధారణంగా 128 బిట్లది. దాని నకలు మొబైల్ కంపెనీ దగ్గరే ఉంటుంది. నెట్‌వర్క్ ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంఖ్య పంపుతుంది. సిమ్ ఆ సంఖ్యను తన కీతో కలిపి లెక్కకట్టి, వచ్చిన జవాబును మాత్రమే పంపుతుంది. అవతల కూడా అదే లెక్క వేసి సరిచూస్తారు. కీ ఎన్నడూ గాలిలోకి రాదు. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే.

అయితే 2జీలో ఈ పరీక్ష ఫోన్‌కే. టవర్ అసలుదో నకిలీదో తేల్చుకునే దారి ఫోన్‌కు లేదు. 3జీ నుంచి నెట్‌వర్క్ కూడా తనను తాను నిరూపించుకోవాలి. చాలా కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని ఆపేసే సెట్టింగ్ ఉంది. మీ ఊళ్లో 4జీ బాగా అందుతుంటే ఆపేయడమే మేలు.

తర్వాతిది ఏపీఎన్. మన డేటా ఏ గేట్‌వే గుండా ఇంటర్నెట్‌లోకి వెళ్లాలో చెప్పే పేరు అది. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్. ఫోన్ సిమ్‌ను చూసి, తన దగ్గరున్న జాబితాలోంచి దీన్ని తానే ఎంచుకుంటుంది. జాబితాలో మన కంపెనీ లేకపోతే, ఉన్నా పేరు తప్పుగా ఉంటే డేటా ఆగిపోవచ్చు. 4జీలో వోల్టీ కాల్స్ వేరే ఏపీఎన్ మీద నడుస్తాయి కాబట్టి మాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఏపీఎన్‌లను రీసెట్ చేసి చూడండి. కుదరకపోతే కంపెనీ చెప్పిన పేరును మీరే టైప్ చేయండి.

హైదరాబాద్ సిమ్‌తో డల్లాస్‌లోని కూతురి దగ్గరికి వెళ్లిన తల్లి రోమింగ్ ఆన్ చేస్తే, ఆమె డేటా సాధారణంగా ఇండియాలోని గేట్‌వే దాకా వచ్చి మళ్లీ వెళ్తుంది. అందుకే ఆలస్యం. వెబ్‌సైట్లు కూడా ఆమె ఇక్కడే ఉందనుకుంటాయి.

వైఫైలోనూ పాస్‌వర్డ్ గాలిలో ప్రయాణించదు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 పద్ధతిలో పాస్‌వర్డ్‌నూ నెట్‌వర్క్ పేరునూ కలిపి 4096 సార్లు మథించి కీ తయారుచేస్తారు. రౌటరూ ఫోనూ నాలుగు సందేశాలతో ఒకరి దగ్గర ఉన్న కీ మరొకరి దగ్గరా ఉందని తేల్చుకుంటాయి. ఆ సందేశాలను పట్టుకున్నవాడు ఇంటికెళ్లి తీరిగ్గా పాస్‌వర్డ్‌ను ఊహించి చూడొచ్చు. ఎనిమిది అంకెల పుట్టినరోజు తేదీని కంప్యూటర్ ఇట్టే పట్టేస్తుంది. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు కదా, పొడుగ్గా పెట్టుకోండి. 2018 నాటి డబ్ల్యూపీఏ3 ఈ సందును మూసింది.

కీ కుదిరాక రౌటర్ ఫోన్‌కు ఒక చిరునామా ఇస్తుంది. మన ఇళ్లలో అది తరచూ 192.168తో మొదలవుతుంది. అది వచ్చాక కూడా ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అని కనిపిస్తే, లోపం చాలాసార్లు రౌటర్ బయటి లైన్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టినందువల్ల లాభం లేదు. కేబుల్ అతనికి ఫోన్ చేయాల్సిందే.