వార్తల్లో పదం: ఇ87.1
రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే తగ్గితే హైపోనేట్రీమియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-10 వ్యాధుల వర్గీకరణలో దాని కోడ్ ఇ87.1. పొటాషియం తగ్గితే ఇ87.6, పెరిగితే ఇ87.5. అమెరికా ఆసుపత్రుల బీమా బిల్లులు ఇలాంటి కోడ్‌ల మీదే నడుస్తాయి. హైదరాబాద్‌లోనూ ఎందరో మెడికల్ కోడర్లకు ఈ కోడ్‌లు వేయడమే జీవనాధారం.

వాళ్లకో గట్టి నిబంధన ఉంది. ల్యాబ్ రిపోర్టులో సోడియం 128 అని కనిపించినా సొంతంగా కోడ్ వేయకూడదు. అది జబ్బేనని డాక్టరు రాయాలి. సోడియం పక్కన కిందికి బాణం గుర్తు పెడితే చాలదు. ఇది చాదస్తం కాదు. సోడియం తగ్గడానికి కారణం వాంతులా, మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలా, గుండె వైఫల్యమా? కారణాన్ని బట్టి ఒకరికి సెలైన్ ఎక్కించాలి, మరొకరికి తాగే నీళ్లే తగ్గించాలి. డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు, కారణం రెండూ ఉన్నాయో లేదో అడిగి చూసుకోండి.