వెనుక చూపు: రివర్స్ కెమెరా చూపేది, చూపనిది

బెంగళూరు పాత లేఅవుట్లలో 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల స్థలాలలో మూడు నాలుగు అంతస్తుల భవనాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి నేల అంతస్తులో గోడలుండవు. భవనాన్ని స్తంభాలమీద నిలిపి, ఆ చోటును వాహనాలకు వదులుతారు. ఆ స్తంభాల వెనుక ఒక మూల చిన్న గది, అందులో కాపలాదారు కుటుంబం ఉండటం కూడా మనకు పరిచితమైన దృశ్యమే. ఆ ఇంటి పిల్లలకు ఆటస్థలం, వారి తల్లికి బియ్యం ఏరుకొనే అరుగు, ముసలివారికి ఎండపొడ తగిలే చోటు అన్నీ కార్లు తిరిగే ఆ నేలే.

చిత్తూరు, అనంతపురం, కర్నూలు ప్రాంతాలనుండి తరతరాలుగా ఈ నగరానికి వచ్చి స్థిరపడినవారిలో పై అంతస్తులో ఉండి కారు కొనుక్కున్నవారూ ఉన్నారు, అద్దెకారు నడుపుకొని బ్రతికేవారూ ఉన్నారు, కింది గదిలో కాపురమున్నవారూ ఉన్నారు. ఈ వ్యాసం ముగ్గురికీ ఉద్దేశించినది. కారు వెనుక అమర్చే కెమెరా ఏ మేరకు నమ్మదగినది, ఏ చోట నమ్మరానిది అన్న విషయం ముగ్గురూ తెలుసుకోవలసినదే.

కెమెరా ఎందుకు వచ్చింది

రివర్స్ కెమెరా పార్కింగు సౌకర్యానికి పుట్టిన అలంకారమని చాలామంది అనుకొంటారు. దానిని తప్పనిసరి చేసిన చట్టం వెనుక మాత్రం ఒక పసివాని మరణం ఉంది. 2002లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక తండ్రి తన ఇంటి ముందు పెద్ద కారును వెనక్కి నడుపుతుండగా, రెండేళ్ల కొడుకు చక్రాల కింద పడి మరణించాడు. ఆ తండ్రి పిల్లల వైద్యుడు. అద్దాలు చూసుకొనే నడిపాడు. కాని కారు వెనుక ఆనుకొని ఉన్న పసివాడు ఏ అద్దంలోనూ కనిపించడు. ఆ బాలుని పేరుమీద 2008లో చట్టం వచ్చింది. 2018 మే 1 తరువాత ఆ దేశంలో తయారైన కొత్త కార్లన్నిటికీ వెనుక కెమెరా తప్పనిసరి అయింది. కారు వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల చోటు తెరమీద కనిపించాలని, రివర్స్ గేరు వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలని ఆ నిబంధన చెబుతుంది.

మన దేశంలో 2019 జులై 1 తరువాత తయారైన ప్రయాణికుల కార్లకు తప్పనిసరి చేసినది రివర్స్ పార్కింగ్ సెన్సర్. అది శబ్దం చేసి హెచ్చరించే సాధనం, బొమ్మ చూపదు. అందుచేత మన రోడ్లమీద కొన్ని కార్లకు రెండూ ఉంటాయి, కొన్నిటికి సెన్సర్ మాత్రమే ఉంటుంది, పాత కార్లకు రెండూ ఉండవు. కొందరు బయట అంగడిలో కెమెరా కొని బిగించుకొంటారు. పక్కవారి కారు చూపినది మన కారూ చూపుతుందని అనుకోరాదు.

కెమెరా వలన కలిగే మేలు

కెమెరా వలన ముఖ్యంగా మూడు మేళ్లు ఉన్నాయి. మొదటిది, అద్దాలకు అందని చోటును చూపడం. వెనుక అద్దం అంచుకు దిగువన ఉన్న నేల డ్రైవరుకు ఎప్పుడూ కనబడదు. ఎత్తయిన కార్లలో ఈ మరుగు మరింత ఎక్కువ. కూర్చున్న పిల్లవాడు, పడుకొన్న కుక్క, పూలకుండి, మురుగు కాలువ అంచు, ముగ్గు వేస్తూ వంగిన మనిషి కెమెరాలో కనిపిస్తారు. రెండవది, గోడకూ కారుకూ మధ్య మిగిలిన జానెడు చోటును చూపడం. ఇరుకు స్థలాలలో దీని విలువ చెప్పనక్కరలేదు. మూడవది, మెడ నొప్పి, నడుము నొప్పి వలన పూర్తిగా వెనక్కి తిరగలేని పెద్దవయసు డ్రైవర్లకు ఆసరా కావడం.

అయితే ఈ మేలుకు ఒక కొలత ఉంది. కెమెరా ఉన్న కార్లలో, వెనక్కి నడిపేటప్పుడు జరిగి పోలీసు లెక్కలకెక్కే ప్రమాదాలు సుమారు ఆరింట ఒకటి తగ్గాయని అమెరికాలోని రహదారి భద్రతా పరిశోధకులు తేల్చారు. ఆరింట ఒకటి తగ్గడం చిన్న విషయం కాదు. కాని మిగిలిన ఐదు కెమెరా ఉండగానే జరుగుతున్నాయన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. అందుకు కారణాలు తెలిస్తే ఈ సాధనాన్ని సరిగా వాడుకోగలం.

కెమెరా లోపాలు

దూరం ఎక్కువగా కనిపించడం: విశాలమైన చోటును చిన్న తెరలో ఇమడ్చడానికి ఈ కెమెరాకు వెడల్పాటి చూపు గల కటకం అమర్చుతారు. దాని వలన వస్తువులు ఉన్నదానికంటే చిన్నవిగా, దూరంగా కనిపిస్తాయి. అంచులలో గోడలు వంగినట్లు ఉంటాయి. తెరమీద ఇంకా చోటు ఉన్నదని తోచినప్పుడే బంపరు గోడకు తగలడానికి కారణం ఇదే.

గీతలు నేలకే వర్తించడం: తెరమీద కనిపించే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు సమతలమైన నేలమీది దూరాన్ని సూచిస్తాయి. నేలను తాకకుండా గాలిలోకి చాచుకొని ఉన్నవాటికి ఆ లెక్క పనికిరాదు. లారీ వెనుక భాగం, సగం దించిన షట్టరు, మెట్ల కింది వంపు, గోడనుండి పొడుచుకొని వచ్చిన గొట్టం వంటివి గీతల ప్రకారం దూరంగా ఉన్నట్లుండి, నిజానికి వెనుక అద్దానికి దగ్గరగా ఉంటాయి. కారు వెనుక అద్దం పగిలే సందర్భాలలో ఇది ఒకటి.

ఏటవాలులో లెక్క తప్పడం: బేస్‌మెంటులో సమతలమైన నేలమీద ఉన్న కారును ర్యాంపు వైపు వెనక్కి నడిపేటప్పుడు, వెనుక నేల పైకి లేస్తూ ఉంటుంది. అప్పుడు వస్తువులు ఉన్నదానికంటే దూరంగా తోస్తాయి. వెనుక నేల పల్లంగా ఉంటే దగ్గరగా తోస్తాయి. డిక్కీలో బియ్యం బస్తాలు వేసి, వెనుక సీటులో ముగ్గురు కూర్చున్నప్పుడు కారు వెనుక భాగం కుంగుతుంది. అప్పుడూ గీతల లెక్క మారుతుంది.

పక్కలనుండి వచ్చేవారు కనిపించకపోవడం: కెమెరా వెనుకవైపే చూస్తుంది. గేటు గోడ మరుగునుండి వచ్చే స్కూటరు, బంతి వెంట పరుగెత్తే బాలుడు తెరలోకి ప్రవేశించేసరికి చక్రం దగ్గరే ఉంటారు. గంటకు 5 కిలోమీటర్ల వేగమంటే మనిషి నడకే. ఆ వేగంలో కూడా కారు సెకనుకు సుమారు 1.4 మీటర్లు కదులుతుంది. చూసి, గ్రహించి, బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టినా కారు రెండు మీటర్లు వెనక్కి వస్తుంది.

ముందు భాగాన్ని మరచిపోవడం: వెనక్కి వస్తూ స్టీరింగు తిప్పినప్పుడు కారు ముందు భాగం ఎదురువైపుకు విసురుగా తిరుగుతుంది. కళ్లు తెరకు అతుక్కుపోయి ఉన్న డ్రైవరు, ముందు మూలతో స్తంభాన్నో పక్క బైకునో గీరుతాడు.

మసకబారడం: వానచుక్క, బురద, రాత్రి చీకటి, కటకంమీద సూటిగా పడే ఎండ వలన బొమ్మ అస్పష్టమవుతుంది. తడిపిన మెత్తని గుడ్డతో కటకాన్ని వారానికొకసారి తుడవాలి. ఇసుక అంటిన గుడ్డతో రుద్దితే గీతలు పడి శాశ్వతంగా మసకబారుతుంది.

సెన్సర్ సంగతి

సెన్సర్ మన చెవికి వినబడని ధ్వనిని వెలువరించి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరాన్ని లెక్కిస్తుంది. గోడ, కారు, పెద్ద స్తంభం వంటివాటిని చక్కగా పసిగడుతుంది. సన్నని ఇనుపకడ్డీ, బంపరుకంటే పొట్టిగా ఉన్న రాయి, ధ్వనిని పీల్చే మెత్తని బట్ట దానికి అందకపోవచ్చు. కెమెరా చూపిస్తుంది గాని పిలిచి చెప్పదు. సెన్సర్ పిలిచి చెబుతుంది గాని ఏమున్నదో చూపదు. రెండూ ఉన్నప్పుడు, శబ్దం రాలేదు కనుక ఏమీ లేదని గాని, తెరలో ఏమీ లేదు కనుక శబ్దం వృథా అని గాని అనుకోరాదు. రెండింటిలో ఏ ఒకటి హెచ్చరించినా ఆగవలసిందే.

మీ కారుకు మీరే కొలత పెట్టుకోండి

ఒక ఆదివారం ఉదయం అరగంట కేటాయిస్తే చాలు. కారును సమతలమైన చోట నిలిపి, ఇంజను ఆపి, చేతి బ్రేకు వేయండి. డ్రైవరు సీటులో కూర్చొని, వెనుక అద్దంలోనుండి చూస్తూ, ఒక ప్లాస్టిక్ స్టూలును బంపరు దగ్గరనుండి కొద్దికొద్దిగా వెనక్కి జరపమని మరొకరితో చెప్పండి. స్టూలు మీకు మొదటిసారి కనిపించిన చోట సుద్దముక్కతో గీత గీయించండి. బంపరునుండి ఆ గీతవరకు గల నేల అంతా, కెమెరా లేనప్పుడు మీకు కనబడని చోటు. ఆ దూరం చూసినవారు తరువాత వెనక్కి నడిపే తీరే మారుతుంది.

తరువాత బంపరునుండి అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల దూరంలో సుద్దగీతలు గీయించి, ఇంజను వేయకుండా తాళం మాత్రం తిప్పి, బ్రేకు తొక్కిపట్టి రివర్స్ గేరు వేసి తెర చూడండి. ఏ రంగు గీత నిజానికి ఎంత దూరమో మీకే తెలుస్తుంది. బయట బిగించిన కెమెరాలకు ఈ పరీక్ష మరింత అవసరం. వాటి గీతలు మీ కారు కొలతలకు సరిపడినవి కాకపోవచ్చు. కుడి ఎడమలు తారుమారై కనిపించేవి కూడా ఉన్నాయి. మీ ఎడమవైపు నిలిచిన మనిషి తెరలోనూ ఎడమవైపే ఉండాలి. అలా లేకుంటే బిగించినవారి దగ్గరే సరిచేయించుకోండి.

వెనక్కి నడిపే పద్ధతి

కారు ఎక్కేముందు చుట్టూ ఒకసారి నడవండి. కారు కింద కూడా చూడండి. పిల్లలు ఎక్కడున్నారో తెలిసిన తరువాతే తలుపు మూయండి. పాట ఆపి, అద్దం కొంచెం దించండి, కేక వినబడుతుంది. రివర్స్ గేరు వేసి, తెరమీద బొమ్మ వచ్చేవరకు కదలకండి. తెర, ఎడమ అద్దం, కుడి అద్దం, వెనక్కి తిరిగిన చూపు, ముందు మూలలు: ఒకదాని తరువాత ఒకటి చూస్తూ ఉండండి. పాదం బ్రేకుమీదే ఉండాలి. సందేహం కలిగితే ఆగి, దిగి చూడండి. దిగి చూసినందుకు ఎవరూ చిన్నబుచ్చరు.

వెనుక నిలిచి దారి చెప్పే మనిషి ఉంటే మంచిదే, కాని అతడు కారుకూ గోడకూ మధ్య నిలవరాదు. డ్రైవరు పక్క అద్దంలో కనిపించే చోట నిలవాలి. అతడు కనుమరుగైన క్షణంలో కారు ఆగాలి. ఇక్కడ భాష విషయం కూడా ఒకటుంది. కన్నడంలో ‘హిందె బన్ని’ అంటే వెనక్కి రమ్మని; ‘నిల్లిసి’ అంటే ఆపమని; ‘సాకు’ అంటే చాలునని. తెలుగులో సాకు అంటే నెపం కనుక కొత్తగా వచ్చినవారు ఆ మాట విని ఒక్క క్షణం తికమకపడతారు. ఆ ఒక్క క్షణంలో కారు మీటరు దూరం కదలగలదు. ఈ మూడు మాటలనూ కొత్తవారికి మొదటిరోజే నేర్పండి.

భవనంలో నివసించేవారికి

జాగ్రత్త డ్రైవరు ఒక్కరిదే కాదు. పార్కింగు చోట దీపాలు సరిగా వెలిగేలా, గేటు మలుపులో కుంభాకార దర్పణం అమర్చేలా, స్తంభాలకు పసుపు నలుపు పట్టీలు వేసేలా నివాసుల సంఘాలు చూసుకోవాలి. కాపలాదారు కుటుంబం ఉన్నచోట, వారి గది వాకిలికీ కార్లు తిరిగే దారికీ మధ్య చిన్న అడ్డుకట్ట అయినా కట్టించడం భవన యజమాని ధర్మం. పిల్లలు ఆడుకొనడానికి కార్లు రాని మూల ఒకటి కేటాయిస్తే, వారిని గదమాయించవలసిన అవసరమే ఉండదు. తల్లిదండ్రులు కూడా పిల్లలకు ఒక సంగతి నేర్పాలి: కారు వెనుక తెల్లని దీపం వెలిగితే అది వెనక్కి రాబోతున్నదని గుర్తు, వెంటనే గోడవైపు తప్పుకోవాలి.

ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే 108కి గాని 112కి గాని ఫోను చేయండి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, సమీప పోలీసు స్టేషనుకు వీలైనంత త్వరగా, ఏమైనా 24 గంటలలోగా తెలియజేయడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు విధి. కెమెరాలో కనిపించలేదన్న మాట ఆ బాధ్యతనుండి ఎవరినీ తప్పించదు.

కెమెరా ఉన్న కారు కొనగలిగినవారు కొనడం మంచిది. ఉన్నవారు దానిని శుభ్రంగా ఉంచి, వాడుకోవడం మంచిది. అది మనకు అదనంగా దొరికిన ఒక కన్ను. ఉన్న రెండు కళ్లనూ మూసుకొని ఆ ఒక్కదానిమీదే ఆధారపడితే, దానివలన కలిగిన మేలంతా పోతుంది. తాళం తిప్పేముందు కారు చుట్టూ నడిచే ఆ పది అడుగులకు బదులుగా నిలువగల యంత్రం ఇప్పటివరకు ఏదీ లేదు.