చుట్టలను ఇంటివద్ద చౌకగా నిలువ చేయుట

గోదావరి లంకలలో చుట్టాకు పండించు రైతులు చాలమంది, ఆకు అమ్మకమునకు పోవుటకు ముందే ఇంటి వాడకమునకు కొంత వేరుచేసి, వేసవిలో ఏడాదికి సరిపడు చుట్టలు చుట్టించి పెట్టుకొందురు. వైశాఖములో ఘుమఘుమలాడిన ఆ చుట్టలే శ్రావణము వచ్చుసరికి బూజు పట్టును. బూజు తప్పించుకొన్నవి దసరా నాటికి పురుగు తొలిచి చిల్లులు పడును. పొగాకు ఒంటికి చేటని నేటి దినమున ఎవరికిని చెప్పవలసిన పని లేదు. చుట్ట కాల్చుడని ప్రోత్సహించుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. అయితే కష్టపడి పండించి, కూలి ఇచ్చి చుట్టించిన సరకు పెంటకుప్ప పాలగుట నష్టమే గదా. దానిని తప్పించుటకు గట్టి మూతగల ఒక డబ్బా, కొంత శ్రద్ధ చాలును.

నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో, ఒక లంక గ్రామములో ఒక పెద్దాయన తన చుట్టలు ఎండి పెళుసెక్కుచున్నవని చెప్పగా, పుస్తకములో చదివిన ప్రకారము డబ్బాలో తడిగుడ్డ నొకదానిని ఉంచమంటిని. అది జ్యేష్ఠమాసము చివర. నెల తిరిగి నేను మరల పోవుసరికి ఆయన ఏమియు అనక డబ్బా తెచ్చి నా ముందు మూత తీసెను. చుట్టలన్నియు ఆకుపచ్చని బూజుతో మెత్తబడి యుండెను. "ఇవి తమరే కాల్చండి బాబుగారూ" అనెను.

పుస్తకములో తప్పు లేదు. అది చలిదేశముల వారికి వ్రాసినది. అచ్చట శీతకాలములో ఇండ్లను వెచ్చచేసికొందురు గనుక గదిలోని గాలి మిక్కిలి పొడిగా నుండును. అందుచేత వారు చుట్టల పెట్టెలో తడి స్పాంజి అమర్చుదురు. మన డెల్టాలో వర్షకాలమున గాలి తానే తడిగుడ్డ. గాలి పట్టగలిగినంత తేమను 100గా లెక్కించినచో, ఆ దినములలో ఉదయపు వేళ 80కి పైగానే యుండుట సామాన్యము. చుట్టకు 65 నుండి 70 వరకు సరిపోవును. 75 దాటి కొన్నాళ్లు నిలిచినచో బూజు ఆరంభమగును. కాబట్టి మనకు కావలసినది లోపలికి తేమ నిచ్చు పెట్టె కాదు, బయటి తేమను రానీయని పెట్టె. ఎండిన చుట్టను తిరిగి పదునుకు తేవచ్చును గాని, బూజుపట్టిన దానిని బాగుచేయుట ఎవరి తరము కాదు. నా మట్టుకు నేను 65కు మించనీయను.

విదేశములలో ఇందుకు వాడు చెక్కపెట్టెల ధర వేలలో నుండును. వానికి వాడు చెక్కను దేవదారు అందురు గాని, అది మన హిమాలయపు దేవదారు కాదు, వేప కుటుంబమునకు చెందిన ఒక అమెరికా చెట్టు. ఆ వాసనకు పురుగు చచ్చునను నమ్మకము పెట్టుకొనవద్దు. రబ్బరు వలయముగల మూతతో బిగియు ప్లాస్టిక్ డబ్బా గాని, వెడల్పు మూతి గాజుసీసా గాని అదే పనిని మరింత బాగుగా చేయును. పచ్చళ్లకు, నూనెకు వాడిన డబ్బా పనికిరాదు; పొగాకు వాసనలను ఇట్టే పీల్చుకొనును. మట్టికుండ గోడలు తేమను రానిచ్చును గనుక అదియు వద్దు.

డబ్బా నింపు దినమును ఎన్నుకొనుటలోనే సగము పని యున్నది. ముసురు దినమున నింపి మూత బిగించినచో ఆ తడిని లోపల దాచిపెట్టినట్లే. వాన లేని దినమున, మధ్యాహ్నము, చుట్టలను నీడలో రెండు మూడు గంటలు పరచి, ఆపై డబ్బాలో ఖాళీ లేకుండ పేర్చవలెను. పెద్ద డబ్బా ఒకటి కంటె చిన్నవి రెండు మూడు మేలు. ఒకటి వాడుకలో నుండగా తక్కినవి తెరువకుండ ఉండును. పెంకుల క్రింది అటక, రేకుల కప్పు, పొయ్యిగోడ వీనికి దూరముగా, బీరువా దిగువ అరలో ఉంచుట మంచిది.

పదును చూచుట మీకు నేను నేర్పవలసినది కాదు. తోరణములపై ఆరిన ఆకును మంచు పదునున, తెల్లవారుజామున దించువారు మీరు. చుట్టను వ్రేళ్ల మధ్య మెల్లగా నొక్కినపుడు పటపటలాడిన ఎండినది. నొక్కు అట్లే నిలిచిపోయిన తడిసినది. నొక్కు వదలగానే పొంగి యథాస్థితికి వచ్చిన సరియైనది. తేమ కొలుచు చిన్న యంత్రము కొద్ది వందల రూపాయలలో దొరకును గాని, దానిని నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. సీసామూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండ తడియిసుక వలె అగునంత నీటిచుక్కలు వేసి, యంత్రముతో కలిపి గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచుడు. ఉదయము 75 చూపవలెను. 70 చూపినచో మీ యంత్రము 5 తక్కువ చెప్పుచున్నదని గుర్తుంచుకొనుడు. ఏప్రిల్, మే నెలల వడగాలికి చుట్టలు నిజముగా ఎండినచో, నీటిలో నానబెట్టి తుడిచిన చిన్న పెంకుముక్కను గిన్నెలో పెట్టి, చుట్టలకు తగులకుండ డబ్బాలో ఒకటి రెండు దినములు ఉంచి తీసివేయవలెను. తొందరపడిన పై ఆకు పిగులును.

ఇక పురుగు. ఇది 2, 3 మిల్లీమీటర్ల పొడవు, ఎరుపు గోధుమ రంగు, వంగిన తల గల పెంకుపురుగు. శాస్త్రజ్ఞులు దీనిని లాసియోడెర్మా సెర్రికార్నె అందురు. ఆడపురుగు ఆకు మడతలలో గ్రుడ్లు పెట్టును. తెల్లని పిల్లపురుగు లోపలనే కొన్ని వారములు తిని పెరిగి, పెద్దదై చిల్లు పొడిచికొని బయటికి వచ్చును. కావున మీకు చిల్లు కనబడునప్పటికి నష్టము జరిగిపోయినది. ఇది పొగాకునే గాక పసుపుకొమ్ములు, ధనియాలు, ఎండుమిరప, శొంఠి అన్నియు తినును. చుట్టల డబ్బాను వంటసరుకుల ప్రక్కన పెట్టుట ఇందుచేతనే ప్రమాదము. రెండింటిలో దేనినుండి దేనికి పురుగు ప్రాకినను ఇల్లాలికి నష్టమే.

పురుగు కనబడగానే కొందరు ధాన్యమునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లను డబ్బాలో వేయ జూతురు. ఎట్టి పరిస్థితిలోను చేయరాదు. తేమ తగిలినచో అది విడుచు ఫాస్ఫీన్ వాయువు నిద్రించువారి ప్రాణములు తీయును. నివాసగృహములో దాని వాడకము ఎంతమాత్రము తగదు. కలరా ఉండలు వేసినను ఆ చుట్ట నోటికి పనికిరాదు.

దీనికి చలి ఉత్తమమైన మందు. సున్నకు దిగువ 18 సెంటిగ్రేడు డిగ్రీల వరకు చల్లబడు ఫ్రీజరు అందుబాటులో నున్నచో, చుట్టలను రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, వారము దినములు ఉంచిన గ్రుడ్లతో సహా చచ్చును. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని మంచు అర అంత చల్లబడదు, దానిని నమ్మరాదు. నడుమ కరెంటు చాలసేపు పోయినచో దినములను మొదటినుండి లెక్కించుడు. తీసిన పిమ్మట ఒక దినము ఫ్రిజ్ క్రింది అరలోను, మరియొక దినము గదిలోను, సంచి విప్పకనే ఉంచవలెను. చెమ్మ సంచికి పట్టును గాని చుట్టకు పట్టదు. చిల్లులు పడిన చుట్టలను ఏరి కాల్చివేయుడు. పాత డబ్బాను వేడినీళ్లతో కడిగి, ఎండలో బాగుగా ఆరిన తరువాతనే మరల నింపుడు.