అబర్డీను కింగ్సు కళాశాలలో తత్త్వశాస్త్ర బోధనము

ఒక్క గురువే శిష్యులకు సకలశాస్త్రములను బోధింపవలెనా? లేక ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క నిపుణుడు ఉండవలెనా? ఈ ప్రశ్నపై స్కాట్లండు విశ్వవిద్యాలయములలో దీర్ఘకాలము చర్చ సాగినది. అందు అబర్డీను కింగ్సు కళాశాల వృత్తాంతము విశేషించి గమనింపదగినది.

బిషప్ ఎల్ఫిన్‌స్టన్ కృషివలన, పోపు అనుమతితో, 1495లో ఆ విద్యాపీఠము వెలసెను. హెక్టర్ బోయిస్ అను చరిత్రకారుడు దానికి మొదటి ప్రిన్సిపాలు. ఆనాడు తత్త్వశాస్త్ర మనగా ముఖ్యముగా అరిస్టాటిల్ గ్రంథములే, బోధనభాష లాటిన్. 'రీజెంటు' అను ఉపాధ్యాయుడు ఒక తరగతిని చేపట్టి, తర్కమును, నీతిని, ప్రకృతిశాస్త్రమును తానే వరుసగా చెప్పి, స్నాతకోత్సవము వరకు వారిని నడిపించి, మరల క్రొత్తవారితో ఆరంభించును. ఇది మన గురుకులమును కొంత తలపించును గాని, ఇచ్చట గురువును శిష్యుడు వెదకుకొని రాడు. ఏటివరుసను బట్టి లభించును.

ఈ పద్ధతిని ఎడింబరో 1708లోను, గ్లాస్గో 1727లోను విడనాడెను. అబర్డీనుననే 1593లో స్థాపితమైన మారిషల్ కళాశాలయు 1753లో దానిని త్యజించెను. ఆ యేటనే కింగ్సు కళాశాల పాఠ్యక్రమమును సంస్కరించి, తర్కమును చివరకు జరిపి, ప్రకృతిచరిత్రను ముందునకు తెచ్చెను. పాఠము మారినది, రీజెంటు మాత్రము నిలిచెను.

అట్లు నిలుపుటను సమర్థించినవారిలో ముఖ్యుడు 1751లో రీజెంటుగా చేరిన థామస్ రీడ్. ఏటేట గురువు మారినచో విద్యార్థికి హాని యనియు, వాని చదువును నడవడిని ఒక్కడే కనిపెట్టి యుండవలెననియు ఆ పక్షమువారి వాదము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. పదునాలుగేండ్లకే కళాశాలలో చేరు బాలురు ఆనాడు అరుదు కారు.

1753, 1756, 1759, 1762 సంవత్సరముల స్నాతకోత్సవములందు రీడ్ చేసిన లాటిన్ ప్రసంగములు నేటికిని లభించుచున్నవి. మూడేండ్ల కొకటి, ఒక్కొక్క శిష్యవర్గమును సాగనంపిన గుర్తులివి. హ్యూమ్ సంశయవాదమునకు ఆయన ప్రత్యుత్తరము ఈ యేండ్లలోనే రూపొందెను. 1764లో వెలువడిన ఆయన గ్రంథమున దృష్టిని గూర్చిన అధ్యాయమే మిక్కిలి దీర్ఘము; అందు రేఖాగణితము నిండియున్నది. గణితమును, ప్రకృతిశాస్త్రమును తానే బోధింపవలసి వచ్చిన రీజెంటు గనుకనే అట్లు వ్రాయగలిగెనని నా తలంపు.

ఆ సంవత్సరముననే రీడ్ కింగ్సు కళాశాలను వీడి, ఆడమ్ స్మిత్ ఖాళీచేసిన నీతిశాస్త్ర పీఠమునకు గ్లాస్గో వెడలెను. అచ్చట ఆయన బోధింపవలసినది ఒక్క శాస్త్రమే. కింగ్సు కళాశాల మాత్రము 18వ శతాబ్ది చివరిదాక రీజెంటులను విడువలేదు. 1860లో మారిషల్ కళాశాలతో కలిసి అబర్డీను విశ్వవిద్యాలయమయ్యెను.