లెక్కల మాత్ర

మాత్ర మింగితే లెక్కలు వస్తాయంటే మీరు నమ్ముతారా? 1937 ప్రాంతంలో అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో, ఒక పిల్లల ఆసుపత్రిలో, పిల్లలు తాము మింగే మందుకు "లెక్కల మాత్ర" అని పేరే పెట్టుకున్నారు!

నిజానికి డాక్టరు చార్లెస్ బ్రాడ్లీ ఆ మందు ఇచ్చింది తలనొప్పికి. మెదడును ఎక్స్‌రే తీయడానికి ఆ రోజుల్లో వెన్నులోంచి ద్రవం తోడేవారు. తర్వాత తల పగిలిపోయేటంత నొప్పి. అందుకు బెంజిడ్రిన్ అనే ఉత్తేజకం ఇచ్చి చూశాడు. తలనొప్పి మాట అటుంచి, కుదురులేని పిల్లలు కూర్చుని చదవసాగారు! తర్వాత 30 మందికి వారంపాటు ఇస్తే, 14 మందికి చదువులో గొప్ప మార్పు కనిపించింది. మందు ఆపగానే మళ్ళీ మామూలే.

మనసు నిలవకపోవడం, ఒకచోట కూర్చోలేకపోవడం మితిమీరితే దాన్ని నేడు ఏడీహెచ్‌డీ అంటున్నారు. అది పొగరూ కాదు, తెలివితక్కువతనమూ కాదు. దానికి ఎక్కువగా వాడే మందు మిథైల్‌ఫెనిడేట్. 1944లో దీన్ని తయారుచేసిన స్విట్జర్లాండ్ రసాయనవేత్త పానిజోన్ భార్య ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదుగానే అది "రిటాలిన్" అయింది.

ఉత్తేజకం మనిషిని నెమ్మదిపరచడమేమిటి? మెదడులో నాడీకణాలు డోపమైన్ వంటి రసాయనాలతో కబురులు పంపుకుంటాయి. పని కాగానే ఆ రసాయనాన్ని పంపిన కణమే తిరిగి పీల్చుకుంటుంది. మందు ఆ దారిని కొంతసేపు మూసేస్తుంది. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం "ఆగు, ముందు ఈ పని ముగించు" అని మనల్ని అదుపులో పెడుతుంది. దానికి డోపమైన్ తగుపాళ్ళలో అందితే పగ్గాలు బిగుస్తాయి. మరీ ఎక్కువైతే పిల్లవాడు నవ్వడు, ఆడడు, ముభావంగా ఉండిపోతాడు. "మా వాడు బుద్ధిమంతుడయ్యాడు" అని పెద్దలు మురిసిపోయేది ఇలాంటప్పుడే! మోతాదు ఎక్కువైందేమో డాక్టరు చూడవలసిందీ అప్పుడే.

మామూలు మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. దాని బలం దిగేటప్పుడు కొందరికి చిరాకు, ఊరకే ఏడుపు వస్తాయి. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం కూడా ఉంటాయి. "మందు నా స్వభావాన్నే మార్చేసిందా?" అని ఆ పిల్లలు భయపడతారు. వీటిలో చాలావరకు మోతాదునో వేళనో మారిస్తే తగ్గుతాయి.

మరి ఏళ్ళ తరబడి వాడితే? అమెరికా, కెనడాలలో 7 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 579 మందిని శాస్త్రజ్ఞులు పెద్దయ్యేవరకు గమనించారు. 14 నెలలకు, జాగ్రత్తగా మందు ఇచ్చిన పిల్లల్లో చంచలత్వం బాగా తగ్గిందని 1999లో ప్రకటించారు. మూడేళ్ళయ్యేసరికి ఆ ఆధిక్యం కనిపించలేదు. అయితే 14 నెలల తర్వాత ఎవరికి తోచిన చికిత్స వారు చేసుకున్నారు కనుక, తప్పు మందుదేనని తేల్చలేం. ఏళ్ళ తరబడి వాడినవారు పెద్దయ్యాక సగటున రెండున్నర సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని 2017లో తేలింది.

దిగులు సంగతి? స్వీడన్‌లో వేలమంది వైద్య వివరాలను పరిశీలించగా, మందు వాడినవారిలో తర్వాతి కాలంలో దిగులు జబ్బు తక్కువగానే కనిపించిందని 2016లో వెల్లడైంది. అది మందు వల్లనే అనడానికి ఈ లెక్కలు చాలవు. కాని మందు మనసును శాశ్వతంగా చెడగొడుతుందన్న భయానికి మాత్రం అవి బలమివ్వవు.

మీ స్నేహితుల్లో ఎవరైనా ఈ మందు వాడుతూ, చిరాకు భరించలేక మాత్రను కిటికీలోంచి విసిరేస్తున్నారా? చిరాకు ఏ గంటకు మొదలై ఏ గంటకు పోతోందో ఒక వారం కాగితంమీద రాసి డాక్టరుకు చూపించమనండి. ఆయన ముందుగా అడిగేదీ అదే.